ఆరో ప్రశ్నకు జోహ్రా ఖాలా జవాబు

సిద్దిపేటలో పాత బస్టాండు వెనకవైపు, ఆటో సైతం రెండుసార్లు వెనక్కి తగ్గితే తప్ప మలుపు తిరగలేని ఒక గల్లీలో జోహ్రా ఖాలా నివాసం. ఖాలా అంటే పిన్ని; గల్లీలో తమవారందరికీ ఆమె ఖాలాయే. వయస్సు అరవై ఏడు. పుట్టినూరు కోహెడ. గడియారాలు బాగుచేసే భర్త కాలం చేసి ఏడేళ్లు దాటింది. కొడుకు అఫ్రోజ్‌కు మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు ఉంది. కోడలు అర్షీన్ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. జోహ్రా ఖాలాకూ ఒక పని ఉంది. అయితే దానికి కూలి లేదు, వేళ లేదు, సెలవు లేదు. తమవారిలో ఆడవాళ్లు ఎవరు కన్నుమూసినా, మసీదు మైకులో ఆ కబురు వినగానే వెళ్లి, వారికి చివరి స్నానం చేయించే పని అది.

ఉర్దూలో ఆ స్నానాన్ని గుస్ల్ అంటారు. కుండలు చేసేవారికి, చెప్పులు కుట్టేవారికి, చెట్టెక్కి కల్లు గీసేవారికి వేర్వేరు పేర్లు పెట్టుకున్న మన తెలుగు, ఈ పని చేసే మనిషికి మాత్రం పేరు పెట్టలేదు. మరిచిపోయిందో, పెట్టడానికి జంకిందో చెప్పలేం. నామవాచకం దొరకని చోట మనవాళ్లు క్రియతో నెట్టుకొస్తారు. "జోహ్రమ్మ కడుగుతది" అంటారు గల్లీలోని తెలుగువాళ్లు. సకర్మక క్రియకు కర్మ చెప్పకపోవడం వాక్యదోషమే. అయినా ఆ దోషం ఇక్కడ మర్యాదగా చెల్లుతుంది. ఏమి కడుగుతుందో అందరికీ తెలుసు కనుక.

ఒక్క సింధుజకు తెలియదు. ఆరోగ్యశాఖ పనిమీద ఆ అమ్మాయి ఈ వార్డుకు వచ్చి అప్పటికి మూడు వారాలే అయింది. అరవై దాటినవారి మనసు ఎలా ఉందో ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకొమ్మని పై అధికారులు ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. శ్రావణమాసపు ముసురు కాస్త తెరిపిచ్చిన ఒక గురువారం పొద్దున ఆమె వచ్చి ఖాలా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కింటి సిద్ధమ్మ గడపమీద చేరి వినోదం చూస్తున్నది. సాయంత్రాలు కల్లు కాంపౌండు ముందు ఉడికించిన శనగ గుడాలమ్మే ఆ సిద్ధమ్మకూ ఖాలాకూ ముప్పై ఏళ్ల స్నేహం. దానికి వాళ్లిద్దరూ పెట్టుకున్న పేరు మాత్రం కొట్లాట.

ఆ కాగితంలోని తెలుగు గురించి ఒక్క మాట చెప్పక తప్పదు. "గడచిన పక్షము దినములలో తమచే నిద్రాభంగము అనుభవింపబడినదా?" అన్నది మొదటి ప్రశ్న. కర్మణి ప్రయోగాన్ని ఇంత నిర్దయగా వాడినవారు ఏ బడిలో చదువుకున్నారో! పాపం సింధుజ ప్రతి ప్రశ్ననూ మనసులో చదువుకుని మనుషుల భాషలోకి దించి అడుగుతున్నది.

"నిద్ర పడ్తుందా అవ్వా?"

"పడ్తది. నడిమిట్ల మెలకువైతది. ఇగ మల్ల పడదు."

"అన్నం తినబుద్ధి అయితుందా?"

"ముంగట పెడితె తింట."

"ఇంతకుముందు ఇష్టంగ చేసిన పనులు ఇప్పుడు చేయబుద్ధి అయితున్నాయా?"

"దానికి నన్ను తిట్టుడే ఇష్టం బిడ్డా," అన్నది సిద్ధమ్మ. "గది ఇప్పటికి బందు కాలే. రాసుకో."

"నీ గుడాలు మాడుతున్నయి, పో!" అన్నది ఖాలా.

నిజంగానే మాడు వాసన వచ్చింది. సిద్ధమ్మ కాళ్లీడ్చుకుంటూ లోపలికి పరుగెత్తింది. ఆ తరువాత జరిగినదానికి ఆమె సాక్షి కాకపోవడమే చిక్కయింది. ఇంకో అర నిమిషం ఆమె అక్కడే ఉండి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

నాలుగు, అయిదు దాటాయి. ఆరో ప్రశ్న దగ్గర సింధుజ గొంతు తగ్గించింది.

"చావు గురించి ఎప్పుడన్న సోంచాయిస్తవా అవ్వా?"

"రోజూ."

పెన్ను ఆగింది. "రోజూనా?"

"మసీదు మైకు మోగినప్పుడల్లా. ఒక్కోనాడు మోగకపోతె, ఇంకా మోగలేదేంది అనుకుంట."

"మరి... దానికోసం ఏమన్న సామాను దగ్గర పెట్టుకున్నవా?"

"లేకుంటె ఎట్లనమ్మా? పెట్టెల అన్నీ ఉన్నయి. టైముకు దొరకకుంటె ఆగమైతం కద."

"ఇంట్ల వాళ్లకు ఎరుకేనా?"

"ఎరుకేనా అంటవేంది! మా కోడలే సదిరిపెడ్తది."

సింధుజ ముఖం తెల్లబోయింది. ఖాలా చేయి పట్టుకుని, "నేను ఇప్పుడే వస్త, నువ్వు గీడనే కూసో, కదలకు," అని చెప్పి మలుపు దాటి అఫ్రోజ్‌కు ఫోను కలిపింది.

అఫ్రోజ్ గ్రీజు చేతులతోనే బండిమీద వచ్చాడు. విషయం విని ముందు పగలబడి నవ్వాడు. ట్రంకుపెట్టె తెరిచి కర్పూరం, అత్తరు, తెల్లబట్ట, కత్తెర, చేతి తొడుగులు సింధుజకు చూపించాడు. సింధుజ సిగ్గుతో తల దించుకుని ఆరో ప్రశ్న ఎదుట పెట్టిన గీతను కొట్టివేయబోయింది. ఆ సమయంలో అఫ్రోజ్ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మిగతా గీతలు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"అమ్మీ, రాత్రిళ్లు నిద్ర పడ్తలేదా? నాకెన్నడు చెప్పలే!"

"నువ్వు అడిగినవా?"

ఆ ఇంట్లో మాట దక్కనీలో, అంటే ఇక్కడి ఉర్దూలో సాగుతుంది. ఇక్కడ తెలుగులో చెప్పుకుంటున్నాం గాని, "నువ్వు అడిగినవా" అన్న ఆ రెండు మాటలు దక్కనీలోనైనా అంతే మెత్తగా, అంతే పదునుగా ఉంటాయి.

ఆ సాయంత్రమే అఫ్రోజ్ ఒక నిశ్చయానికి వచ్చాడు. తల్లికి జబ్బు చేసింది. ఆ జబ్బును తెచ్చింది ఆ పనే. ఇరవై ఆరేళ్లుగా శవాల మధ్య నిలబడితే ఎవరి మనసైనా చెడకుండా ఉంటుందా? ట్రంకుపెట్టెను బండిమీద కట్టుకుని షెడ్డుకు తీసుకుపోయాడు. మసీదు కమిటీవారికి, "అమ్మీని పిలువకున్రి, తబియత్ బాగలేదు," అని చెప్పి వచ్చాడు. ప్రేమతో చేసిన పని అది. ప్రేమతో చేసే పనులలో ఎదుటివారిని అడగడం అన్నది చాలాసార్లు జారిపోతుంది.

మొదటి వారం ఖాలాకు హాయిగానే ఉంది. మైకు మోగింది, ఫలానా వారి తల్లి గతించిందని చెప్పింది. బతికినన్నాళ్లు సొంత పేరున్న ఆడవాళ్లు మైకులో మాత్రం ఒకరి తల్లిగానో ఒకరి భార్యగానో వెళ్లిపోతారు. స్నానపు బల్లమీద వారి ముఖాలు చూసి మనసులో అసలు పేరు పెట్టి పిలిచేది ఖాలా ఒక్కతే. ఆ రోజు ఎవరూ ఆమె కోసం రాలేదు. వేరే గల్లీనుంచి ఎవరినో పిలిపించుకున్నారు. ఖాలా చాయ్ తాగుతూ కూర్చుంది. సగం తాగాక అందులో చక్కెర ఉందో లేదో తెలియలేదని గమనించింది.

రెండో వారానికి మరికొన్ని సంగతులు బయటపడ్డాయి. ఉల్లిగడ్డలు అమ్మేవాడు వానకు తడుస్తూ పోతుంటే ఏడుపు వచ్చింది. వాడు ఆమెకు ఏమీ కాడు. కుక్కరు కూత వేస్తే గుండె దడదడలాడి పావుగంట సేపు ఆగలేదు. అర్షీన్ బిగ్గరగా మాట్లాడితే కోపం, మెల్లగా మాట్లాడితే తన గురించేమోనన్న అనుమానం. మోకాళ్ల నొప్పి వెనకటిదే. కానీ ఇప్పుడు అది పగలంతా పక్కనే కూర్చునే చుట్టంలా తయారైంది. ఇన్నాళ్లూ అలసట అనుకున్నది అలసట కాదా? పని ఆపాక కూడా తగ్గలేదంటే అది పనిది కానట్టేనా? లేక పని ఆపినందుకే పెరిగిందా?

"ఏందే, కాయితం రాసిపోయిన పొద్దుసంది కోడిపిల్ల తీరుగ మునగదీసుకొని కూసుంటున్నవు?" అని సిద్ధమ్మ ఒకనాడు నిలదీసింది.

"నాకు రోగం ముందుగాల వచ్చిందా, కాయితం ముందుగాల వచ్చిందా అని చూస్తున్న."

"కాయితం రాకముందు నువ్వు మంచిగనే ఉన్నవు."

"ఉన్ననా?"

సిద్ధమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "జీనత్ పోయినప్పటిసంది నువ్వు నాతోని సక్కగ కొట్లాడ్తలేవు. గది మాత్రం నిజం," అన్నది.

జీనత్. ఆ పేరు వినగానే ఖాలా లేచి లోపలికి వెళ్లిపోయింది.

జీనత్ గురించి చెప్పాలంటే వారిద్దరూ పని చేసే తీరు చెప్పాలి. గుస్ల్‌కు ఇద్దరు ఉండాలి. ఒకరివి చేతులు, ఒకరివి నీళ్లు. చేతులు జోహ్రావి. చెంబుతో నీళ్లు పోసేది జీనత్. పరదాలోపల వాళ్లిద్దరూ మాట్లాడేవారు కారు. కుడివైపు, ఎడమవైపు, తల, పాదాలు, ఇలా మూడుసార్లు. ఎన్నో విడతలో ఉన్నామన్న లెక్క జీనత్‌ది. ఒక విడత పూర్తి కాగానే ఆమె చెంబును బకెట్టు అంచుకు ఒకసారి తగిలించేది. ఆ చప్పుడు వింటే చాలు, జోహ్రా చేతులు మళ్లీ కుడివైపుకు వెళ్లేవి. అట్లా ఇరవై ఆరేళ్లు గడిచాయి. ఆ ఇరవై ఆరేళ్లలో జోహ్రా ఒక్కనాడూ తానుగా లెక్కపెట్టలేదు. పెట్టవలసిన అవసరమే రాలేదు.

తొమ్మిది నెలల కింద, చలికాలంలో, జీనత్ పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. జోహ్రా వెళ్లింది. నీళ్లు పోయడానికి మరెవరూ దొరకక అర్షీన్‌ను వెంట తీసుకుపోయింది. పరదా దించారు. జోహ్రా చేతులు మొదలుపెట్టాయి. కుడివైపు, ఎడమవైపు, తల, పాదాలు అయ్యాయి. తరువాత ఆగి, చెంబు చప్పుడు కోసం ఎదురుచూసింది. చప్పుడు రాలేదు. ఆ చప్పుడు చేసే మనిషి బల్లమీద ఉంది.

ఆ తరువాత ఏం జరిగిందో జోహ్రాకు ముక్కలు ముక్కలుగానే జ్ఞాపకం. మూడుసార్లు పోశారా, రెండుసార్లేనా? చివరి విడతలో ఎడమవైపుకు నీళ్లు తగిలాయా? ఒక్కసారి ఒళ్లంతా తడిస్తే చాలు, విధి తీరినట్టేనన్న నియమం ఆమెకు తెలియనిది కాదు. ఎందరో ఆడపిల్లలకు ఆమె స్వయంగా నేర్పిన నియమం అది. అయినా తెల్లవారుజామున మెలకువ రాగానే సందేహం వచ్చి ఎదురుగా నిలబడేది. నియమం చెప్పి పొమ్మంటే పోయేది కాదు. అది మొదలు ప్రతి ఇంటా, ప్రతి స్నానంలో, ఆ ఇంటివారెవరో నీళ్లు పోస్తుంటే, ఆమె లోలోపల లెక్కపెట్టుకోవడం, లెక్క తప్పడం, మళ్లీ మొదటికి రావడం. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే, జీనత్‌కు సరిగ్గా చేయలేదన్న మాట నిజమైపోతుందని భయం.

ఇప్పుడు ఆమెకు అర్థం కానిది ఒక్కటే. సింధుజ కాగితం తప్పు దారిన వచ్చిందన్నది నిజం. మరి అది తట్టిన తలుపు తప్పుదేనా?

మూడో వారంలో అఫ్రోజ్ ఆమెను దవాఖానకు తీసుకుపోయాడు. మనసు జబ్బులు చూసే గది చివరన ఉంది. బెంచీమీద తొగుటనుంచి వచ్చిన ఒక ముసలాయన పక్కన కూర్చుని, పేరు పిలిచినప్పుడు వినబడక, అఫ్రోజ్ భుజం తడితే లేచింది. డాక్టరు రుచిత వయస్సులో చిన్నది. కాగితం చదివి, ఏం పని చేస్తావమ్మా అని అడిగింది. ఖాలా కొడుకువైపు చూసింది. అతడు చెప్పాడు.

డాక్టరు పెన్ను తీసి ఆరో ప్రశ్నను కొట్టేసింది. మిగిలిన గీతలకు అంకెలు వేసి కూడింది. కనుబొమలు పైకి లేచాయి.

"గది తీసేసినా తక్కువేం లేదమ్మా. చెవులు మంచిగ వినబడ్తయా నీకు?"

"మైకు వినబడ్తది. మనిషి మాటనే వినబడదు."

తరువాత డాక్టరు చాలాసేపు అడిగింది. భర్త ఎప్పుడు పోయాడు, బీపీ గోళీలు ఎన్ని, షుగరు ఉందా, మోకాళ్లు ఎన్నాళ్లనుంచి, పగలు ఎవరితో మాట్లాడతావు, ఈ ఏడాది దగ్గరివారెవరైనా పోయారా. ఖాలా అన్నిటికీ జవాబు చెప్పింది. జీనత్ పోయిందని కూడా చెప్పింది. లెక్క సంగతి గొంతుదాకా వచ్చి, అక్కడే ఆగింది.

"నా తోటివాళ్లందరికి గివన్నీ ఉన్నయి కదమ్మా," అన్నది చివరకు. "అందరికి రోగమేనా?"

"అందరికి రాదు. కని గిట్ల ఒకటి మీద ఒకటి పడుకుంట వస్తే రావొచ్చు. నిద్ర పోయింది, మోకాళ్లు పోయినయి, చెవి తగ్గింది, దోస్తు పోయింది. ఇప్పుడు ఉన్న పని కూడ పోయింది." డాక్టరు అఫ్రోజ్ వైపు తిరిగింది. "పని ఎవలు బందు పెట్టిన్రు?"

"నేనే మేడమ్. ఆ పని తోనే కద గిదంత అయింది?"

"కావొచ్చు. లేకపోతె ఆ పని ఉన్నందుకే ఇన్ని దినాలు నిలబడ్డదేమో. ఒక్క రోజుల నేను చెప్పలేను. అమ్మను అడిగినవా?"

గదిలో ఇద్దరూ ఖాలా ముఖంలోకి చూశారు. ఇంతమంది ఒక్కసారి తన అభిప్రాయం కోసం ఎదురుచూడటం ఆమెకు అలవాటు లేదు.

"తెల్వదు బిడ్డా," అన్నది.

అది తప్పించుకోవడానికి అన్న మాట కాదు. ఆమెకు నిజంగానే తెలియదు. మళ్లీ ఆ బల్ల ముందు నిలబడాలని ఉంది. నిలబడితే లెక్క తప్పుతానన్న భయమూ ఉంది. ఏది తన మనసు, ఏది జబ్బు అన్నది విడదీయడానికి ఆమె దగ్గర ఏ సాధనమూ లేదు. డాక్టరు గోళీలు రాసింది. అవి పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, నడుమ ఆపవద్దని, రక్తపరీక్ష చేయించి, చెవులు కూడా చూపించి, పదిహేను రోజులకు మళ్లీ రమ్మని చెప్పింది.

"పిచ్చి దవాఖానకు పోయచ్చినవంట గద!" అని గల్లీ మొదట్లోనే సిద్ధమ్మ ఎదురొచ్చింది. "ఏమన్నరు?"

"నీ పక్కన ఉంటె ఎవలకైన వస్తదన్నరు."

సిద్ధమ్మ పగలబడి నవ్వి, ఆ వెంటనే కొంగుతో కళ్లొత్తుకున్నది. ఎందుకో ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు.

గోళీలు మొదలుపెట్టిన తొమ్మిదో రోజు. మధ్యాహ్నం ఒంటిగంట వేళ. మైకు మోగింది. ఇంకో పావుగంటకు దర్జీ జానీ పాషా వాకిట్లోకి వచ్చాడు. అతని తల్లి పోయింది. కమిటీవారి మాట అతనిదాకా వెళ్లలేదో, వెళ్లినా ఈ ఘడియలో గుర్తులేదో.

"ఖాలా, అవ్వ... మా అవ్వ నిన్నే రమ్మనాలె అని చెప్పి పోయింది."

అఫ్రోజ్ అప్పుడే అన్నానికి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. అతని నోట "నక్కో", వద్దు, అన్న మాట బయలుదేరి పెదవుల దగ్గర ఆగింది. డాక్టరు అడిగిన మాట జ్ఞాపకం వచ్చిందేమో.

"అమ్మీ, పోతవా?"

ఖాలా గుండె కొట్టుకుంటున్నది. అది వెళ్లమంటున్నదో, వద్దంటున్నదో. ఆమె లేచి కుట్టుమిషను దగ్గర ఉన్న అర్షీన్ ముందుకు వెళ్లి నిలబడింది.

"జీనత్ దినం నువ్వే కద నీళ్లు పోసింది. ఎన్నిసార్లు పోసినవు?"

మిషను ఆగింది. అర్షీన్ తల ఎత్తలేదు. "నాకు ఎరుక లేదు అమ్మీ," అన్నది. "నువ్వు ఏడుస్తుంటె నిన్నే చూస్తున్న. లెక్క నువ్వు పెడుతున్నవు అనుకున్న. తర్వాత నిన్ను అడగాలంటె భయమైంది. నాకు కూడ రాత్రిళ్లు గదే యాదికొస్తది."

"తొమ్మిది నెలలసంది?"

"హౌ," అని తల ఊపింది అర్షీన్.

ఒకే కప్పు కింద, రెండు గదులలో, ఒకే సందేహంతో ఇద్దరు మెలకువగా పడుకున్నారు. ఆ సంగతి తెలిసినందువల్ల ఖాలా సందేహం తీరలేదు. జీనత్‌కు మూడుసార్లు పోశారో లేదో ఇక ఈ లోకంలో ఎవరూ చెప్పలేరు. అయినా ఆమె భుజాలు కొద్దిగా కిందికి దిగాయి. తొమ్మిది నెలలలో మొదటిసారిగా ఆమె కోడలి తలమీద చేయి వేసింది.

"లే. నువ్వు నీళ్లు పొయ్యి. లెక్క కూడ నువ్వే పెట్టు. గట్టిగ, నోటితోని, నాకు వినబడేటట్టు."

"పరదాల మాట్లాడొద్దంటవు కద అమ్మీ?"

"అన్న. ఇప్పుడు మాట్లాడమంటున్న."

అఫ్రోజ్ ట్రంకుపెట్టె తేవడానికి షెడ్డుకు బయలుదేరాడు. జానీ పాషా ఇల్లు రెండు గల్లీల అవతల. ఖాలా మోకాళ్లు పట్టుకుని, ఆగుతూ ఆగుతూ నడిచింది. దారిలో రెండుసార్లు వెనక్కి పోదామా అనుకుంది; రెండుసార్లూ ఎందుకు ముందుకే నడిచిందో ఆమెకే తెలియదు. పెరట్లో పరదా కట్టి ఉంది. బల్ల వేసి ఉంది. ఆడవాళ్లు కాచిన నీళ్లు తెచ్చి బకెట్లలో పోశారు. అర్షీన్ కొంగు దోపుకుని చెంబు అందుకుంది.

"అమ్మీ, నీళ్లు సరిపోయినయా చూడు. మస్తు వేడున్నట్టున్నయి."

ఖాలా బకెట్లో చేయి పెట్టింది. గోరువెచ్చగా ఉండాలి, పసిబిడ్డకు పోసేటంత. ఇరవై ఆరేళ్లుగా చేయి పెట్టగానే తెలిసేది. ఇప్పుడు వేడి నీళ్లదో, తన చేయే చల్లబడి ఉందో తేల్చుకోలేకపోయింది. ఇంకో చెంబు చన్నీళ్లు కలిపి, మళ్లీ చేయి పెట్టి చూసింది.